విత్తనం ఎప్పుడూ ఉంది, పదును దొరికింది

అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాలులో, ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన ఒక డాక్టరమ్మ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలకు వినపడుతోందా? నర్సింగ్ పిల్లలు కదా మీరు? ముందుకు రండమ్మా. మన సభల్లో మొదటి వరస ఎప్పుడూ ఖాళీయే, పెద్దమనుషులు వస్తారని. ఈరోజు ఎవరూ రారు. వచ్చి కూర్చోండి.

ఈ డబ్బాలో రెండు తెచ్చాను. మూత తియ్యను, భయపడొద్దు. ఒకటి మా ఇంట్లో ఐదు రోజులు మర్చిపోయిన బ్రెడ్డు ముక్క. రెండోది గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు, మూట అడుగున తేమ తగిలినవి. బ్రెడ్డు మీద చూడండి, బూడిద రంగు దూది పరిచినట్టుంది, పైన నల్ల చుక్కలు. అది రైజోపస్ జాతి బూజు. చెనిక్కాయల మీద పచ్చగా పొడి పొడిగా ఉంది చూడండి, అది ఆస్పర్జిల్లస్. ఈ పచ్చ బూజు అనంతపురం రైతుకు నేను చెప్పాలా? కాయ ఊరే చివరి రోజుల్లో వాన ఎగ్గొట్టిన సంవత్సరం ఇది ఎక్కువ పడుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం చేసేది ఇదే. అది తింటే వచ్చే చేటు, లివర్‌కు. ఈరోజు నేను మాట్లాడేది పీలిస్తే వచ్చే చేటు గురించి. రెండూ కలపకండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీరు ఈ హాల్లోకి వచ్చి అరగంట అయింది. ఈ అరగంటలో ఎన్ని బూజు గింజలు పీల్చి ఉంటారు? గింజలంటే స్పోర్లు, కంటికి కనపడవు. ఎన్ని? సున్నా అంటున్నారా? మన ఒక్కొక్కరి ఊపిరిలోకి రోజుకు కొన్ని వందల ఆస్పర్జిల్లస్ స్పోర్లు పోతాయి. నాకు, మీకు, మొన్న పుట్టిన పసిబిడ్డకు కూడా. గడ్డివామి దగ్గర, పాత బీరువా దగ్గర, ఇదిగో ఈ పుస్తకాల అలమరాల దగ్గర ఇంకా ఎక్కువ. లైబ్రేరియన్ గారు ఏమనుకోవద్దు.

మరి మనకెందుకు జబ్బు రావడం లేదు? ఈ సాయంత్రమంతా నేను చెప్పేది ఆ ఒక్క ప్రశ్న గురించే.

మీకు తెలిసిన మాటలోనే చెప్తాను. చేలో గింజ పడినంత మాత్రాన మొలుస్తుందా? మొలవదు. పదును కావాలి. తొలకరి పడి, నేల తడిసి, మరీ బురద కాకుండా, మరీ ఆరిపోకుండా ఉన్న ఆ రెండు మూడు రోజుల పదును కోసమే కదా మన జిల్లా రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చునేది? బూజు కూడా అంతే. గింజ ఎప్పుడూ ఉంది. మన ముక్కులో ఉంది, మన ఊపిరితిత్తుల్లో ఉంది. మన ఒంట్లో దానికి పదును దొరకదు, అంతే. 2021 వేసవిలో కోవిడ్ వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చి పడిందన్నారే, అప్పుడు కొత్త బూజు ఏదీ దేశంలోకి రాలేదు. పదును వచ్చింది. ఆ పదును వైరస్ కొంత తెచ్చింది, మనం వాడిన మందు కొంత తెచ్చింది, మన షుగరు కొంత తెచ్చింది.

ముందు మామూలు రోజుల్లో కాపలా ఎలా ఉంటుందో చూద్దాం. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి గొట్టాల లోపలంతా పల్చటి జిగురు పొర ఉంటుంది. ఆ జిగురు కింద సన్నటి నూగు. ఆ నూగు సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ జిగురును పైకి తోస్తూ ఉంటుంది. దుమ్ము, స్పోరు ఏది అంటుకున్నా గొంతు దాకా తెచ్చి పడేస్తుంది. మనం తెలియకుండానే మింగేస్తాం. ఇది రాత్రీ పగలూ ఆగని కసువు ఊడ్చే పని. దాన్ని తప్పించుకుని అడుగున గాలి సంచుల దాకా పోయిన స్పోరును అక్కడి మాక్రోఫేజ్ కణాలు మింగి అరిగించుకుంటాయి. అవీ వదిలేసి స్పోరు మొలకెత్తి దారం లాగా సాగితే, అప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు గుంపుగా వచ్చి పడతాయి. దారాన్ని మింగలేవు, పొడుగు కదా. చుట్టూ చేరి విషం చిమ్మి చంపుతాయి. మూడు కాపలాలు. ఒకటి తప్పితే రెండోది, రెండోది తప్పితే మూడోది.

ఇప్పుడు వైరస్ వచ్చింది. ఫ్లూ అనుకుందాం. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ సరిగ్గా ఆ నూగు ఉన్న కణాల్లోకే దూరి చంపుతుంది. పొర ఊడిపోతుంది, కసువు ఊడ్చేవాళ్లు లేరు. ఆ పొర మళ్లీ పూర్తిగా కట్టుకోవడానికి వారాలు పడుతుంది. మొదటి కాపలా పోయింది. ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఆశ్చర్యం కలిగించిన సంగతి. వైరస్ మీద యుద్ధానికి ఒళ్లు మోగించే సైరన్ వేరు, బూజు మీద యుద్ధానికి మోగించే సైరన్ వేరు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూశారు. ఫ్లూ కోసం మోగిన సైరన్, బూజు మీదికి పోవాల్సిన న్యూట్రోఫిల్స్‌ను రాకుండా తగ్గించేస్తుంది. ఊరంతా ఒక మూల అంటుకున్న వామిని ఆర్పడానికి పోతే రెండో మూల దొంగ పడ్డట్టు.

ఇదేదో 2021లో కనిపెట్టిన విషయం అనుకునేరు. కాదు. ఫ్లూ తర్వాత ఆస్పర్జిల్లస్ పట్టి చనిపోయిన రోగుల గురించి 1950లలోనే రాశారు. అప్పుడొకటి, ఇప్పుడొకటి అన్నట్టు ఉండేవి. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చాక ఐసీయూల్లో ఎక్కువగా కనపడ్డాయి. అప్పుడు బెల్జియం, నెదర్లాండ్స్ డాక్టర్లు కూర్చుని ఏడేళ్ల లెక్కలు తీశారు. 2018లో అచ్చయింది. ఫ్లూ ముదిరి ఐసీయూలో చేరిన 432 మందిలో 83 మందికి ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ పాకింది. అంటే నూటికి 19 మంది. అదే ఫ్లూ కాకుండా వేరే న్యుమోనియాతో ఐసీయూకి వచ్చిన, రోగనిరోధక శక్తి బాగున్నవాళ్లలో నూటికి 5. తేడా చూశారా? ఇంకా విచారం ఏమిటంటే, ఫ్లూ వచ్చినవాళ్లలో రోగనిరోధక శక్తి బాగున్నవాళ్లకు కూడా నూటికి 14 మందికి వచ్చింది. ఐసీయూలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే వచ్చింది. బూజు పట్టినవాళ్లలో మూడు నెలల్లో సగం మంది పోయారు, పట్టనివాళ్లలో నూటికి 28.

ఆ పేపరు నేను అప్పుడే చదివాను. చదివి, యూరప్ చలి దేశాల గోల మనకెందుకులే అనుకుని పక్కన పెట్టాను. దాచుకునేదేముంది.

తర్వాత కోవిడ్. కోవిడ్ కూడా ఆ పొరనే కొడుతుంది. కానీ కోవిడ్‌లో జబ్బు ముదిరేది ఎక్కువగా వైరస్ వల్ల కాదు, మన ఒళ్లు అతిగా రెచ్చిపోవడం వల్ల. అందుకని స్టెరాయిడ్ పనికొచ్చింది. ఇక్కడ స్టెరాయిడ్‌ను తిట్టడం ఫ్యాషన్ అయింది కాబట్టి నేను దాని పక్షాన రెండు మాటలు చెప్తాను. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్, రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఇంత చవకైన మందు అన్ని ప్రాణాలు నిలబెట్టడం చిన్న విషయమా? కానీ అదే పరీక్షలో ఇంకో వాక్యం ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ మేలూ జరగలేదు. ఆ రెండో వాక్యం మన ఊళ్లకు చేరలేదు. వాట్సాప్‌లో మందుల చీటీ చేరింది. జ్వరం వచ్చిన మొదటి రోజే బిళ్లలు మొదలు, రోజుకు 6 కాదు, అంతకు రెండింతలు మూడింతలు, పది రోజులు కాదు, స్ట్రిప్పు అయిపోయేదాకా. ఒకే చీటీ ఇంటిల్లిపాదికీ.

స్టెరాయిడ్ ఏం చేస్తుంది? రెచ్చిపోయిన ఒంటిని సద్దుమణుపుతుంది. ఆ సద్దుమణిగినవాళ్లలో మన రెండో కాపలా, మూడో కాపలా కూడా ఉన్నాయి. మాక్రోఫేజ్ స్పోరును మింగుతుంది, లోపల చంపలేదు. గింజ తొట్టిలో నానబెట్టినట్టు లోపలే మొలకెత్తుతుంది.

అంటే మొదటి కాపలాను వైరస్ తీసేసింది, మిగతా రెండిటినీ మందు నిద్రపుచ్చింది. అయినా యూరప్‌లో ఆస్పర్జిల్లస్ ఎక్కువగా వస్తే, మన దగ్గర మ్యూకర్ ఎందుకు విరగబడింది? మ్యూకర్ అంటే ఈ బ్రెడ్డు మీది రైజోపస్, దాని చుట్టాల గుంపు, మీరు బ్లాక్ ఫంగస్ అన్నది. అక్కడా కోవిడే, అక్కడా స్టెరాయిడే. ఎందుకు?

షుగర్. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఇదే అసలు కథ.

కోవిడ్ రాకముందే మన దేశంలో మ్యూకర్ మిగతా ప్రపంచం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాదాపు 70 రెట్లు అని ఒక అంచనా. కారణం, కంట్రోల్‌లో లేని షుగర్. అమెరికాలో, యూరప్‌లో మ్యూకర్ వచ్చేది ఎక్కువగా బ్లడ్ క్యాన్సర్ రోగులకు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు. మన దగ్గర వచ్చేది మామూలు షుగర్ మనిషికి. తనకు షుగర్ ఉందనే తెలియని మనిషికి.

షుగర్ ఎక్కువైతే తెల్ల కణాలు మందగిస్తాయి, అది అందరూ చెప్పేదే. దానికంటే ముఖ్యమైనది ఇనుము. మ్యూకర్‌కు ఇనుమంటే ప్రాణం. మన రక్తంలో ఇనుము ఉంది కానీ వదులుగా లేదు, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. షుగర్ బాగా పెరిగి రక్తం పులిసినప్పుడు, కీటో అసిడోసిస్ అంటాం, ఆ పట్టు సడలుతుంది. ఇనుము బయటికి వస్తుంది, బూజు తింటుంది. ఇది ఊహ కాదు. 1980లలో డయాలసిస్ రోగులకు ఒంట్లో ఎక్కువైన ఇనుము, అల్యూమినియం తీసేయడానికి డెఫెరాక్సమిన్ అనే మందు ఇచ్చారు. వాళ్లలో కొందరికి మ్యూకర్ వచ్చింది. ఎందుకో తెలుసా? ఆ మందు పట్టుకున్న ఇనుమును రైజోపస్ లాక్కుని తింటోంది. మనం తీసేశామనుకున్నాం, వడ్డించామన్నమాట.

మూడో సంగతి. రక్తనాళాల లోపలి గోడ మీద జీఆర్‌పీ 78 అని ఒక ప్రొటీన్ ఉంటుంది. షుగర్, ఇనుము పెరిగితే అది ఎక్కువగా బయటికి వస్తుంది. మ్యూకర్ సరిగ్గా దాన్నే పట్టుకుని నాళంలోకి దూరుతుంది. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నర్సింగ్ పిల్లలు మాత్రం రాసుకోండి.

కోవిడ్ తనే షుగర్ పెంచుతుంది, స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది. మూడూ ఒకే మనిషిలో, ఒకే వారంలో కలిశాయి. అదీ పదును! 2021 జూన్ ఆఖరుకు కేంద్రం చెప్పిన లెక్క 40,800కు పైగా కేసులు. వాళ్లలో నూటికి 64 మందికి షుగర్ ఉంది, సగానికి పైగా స్టెరాయిడ్ వాడారు.

ముక్కుకే ఎందుకు వచ్చింది అని కింద అడిగారు ఇందాక. మంచి ప్రశ్న. ఆస్పర్జిల్లస్ స్పోరు చాలా చిన్నది, వెంట్రుక మందంలో ఇరవై ఐదో వంతు. నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది. రైజోపస్ స్పోరు దానికంటే పెద్దది, చాలావరకు ముక్కులో, ముక్కు పక్కన ఉన్న గాలి గదుల్లో ఆగిపోతుంది. అక్కడ మొలిచి, పక్క గోడ దాటితే కన్ను, పై గోడ దాటితే మెదడు, కిందికి వస్తే అంగిలి. ఇది నరం వెంబడి పోతుంది, రక్తనాళంలో దూరి గడ్డ కట్టిస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. బ్లాక్ ఫంగస్ అన్నారే, ఆ నలుపు బూజుది కాదు, చచ్చిన కండది. పేరు తప్పు పెట్టారు, పేరు చూసి జనం నల్ల మచ్చ కోసం ఎదురుచూశారు. నల్ల మచ్చ కనపడేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది.

మొదట వచ్చేది ఏమిటి? ముఖంలో ఒక పక్క నొప్పి. ఒక పక్క. చెంప మొద్దుబారడం. ఒక ముక్కు రంధ్రం బిగుసుకోవడం, నెత్తురు చారలు. పైదవడ పన్ను నొప్పి, పన్ను కదలడం. కను రెప్ప వాలడం, ఒక వస్తువు రెండుగా కనపడటం.

కళ్యాణదుర్గం దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. కోవిడ్ తేలిగ్గానే వచ్చిపోయింది, ఇంట్లోనే ఉన్నాడు, ఆక్సిజన్ ముఖమే చూడలేదు. వాళ్ల బావమరిదికి రాసిచ్చిన చీటీతో తనూ స్టెరాయిడ్ బిళ్లలు మూడు వారాలు మింగాడు. ఆకలి బాగా అవుతోంది, నీరసం లేదు, మందు బాగుంది అనుకున్నాడు. తర్వాత పన్ను నొప్పి. ఆయన భార్య చెప్పింది, "పన్ను పీకిచ్చినాం మేడమ్, అయినా నొప్పి పోలా. ఇప్పుడు కన్ను మూసుకపోతాంది." పన్ను పీకినవాళ్లను నేను తప్పు పట్టను, పన్ను నొప్పంటే పన్నే చూస్తారు. వార్డులో షుగర్ చూస్తే 480. ఆయనకు షుగర్ ఉందని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. కన్ను పోయింది. మనిషి దక్కాడు. పోయిన సంవత్సరం వాళ్లమ్మాయి పెళ్లికి పత్రిక తెచ్చి ఇచ్చాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ల్యాబ్‌లో మేం నమూనాను, బూజు మొలుస్తుందేమో చూడటానికి, ప్లేటులో పెడతాం. మ్యూకర్ జాతి ఎంత వేగంగా పెరుగుతుందంటే, రెండు మూడు రోజుల్లో ప్లేటంతా నిండి మూతకు తగులుతుంది. మేం దాన్ని మూతలేపుడు బూజు అని నవ్వుకునేవాళ్లం. గాలిలోంచి పడి ఉంటుంది, కంటామినేషన్ అని రాసి పారేసేవాళ్లం. పాతికేళ్లు అలాగే పారేశాను. వాటిలో ఎన్ని నిజమైన జబ్బులో ఇప్పుడెవరు చెప్తారు? ఇంకొకటి, దీనికి వ్యతిరేకం. కొన్నిసార్లు సర్జన్ పంపిన కండలో బూజు ఖాయంగా ఉంటుంది, మైక్రోస్కోపులో కనపడుతుంది, ప్లేటులో మాత్రం మొలవదు. కారణం మేమే! కండను రోట్లో నూరినట్టు నూరేవాళ్లం. మ్యూకర్ దారానికి ఆస్పర్జిల్లస్‌కు ఉన్నట్టు మధ్యలో గదులు ఉండవు, ఒకటే గొట్టం. నూరితే లోపలున్నదంతా కారిపోయి చచ్చిపోతుంది. చిన్న ముక్కలుగా కోసి పెట్టాలి. కూరకు కోసినట్టు, పచ్చడికి నూరినట్టు కాదు.

అందుకే ప్లేటు కోసం ఆగకూడదు. ముక్కులోంచి తీసిన ముక్కను కేఓహెచ్ అనే క్షార ద్రావణంలో వేసి మైక్రోస్కోపులో చూస్తే గంటలో తెలుస్తుంది. రిబ్బను మడతపడ్డట్టు వెడల్పుగా ఉంటే మ్యూకర్, సన్నగా గదులు గదులుగా కొమ్మలేస్తే ఆస్పర్జిల్లస్. ఈ తేడా ప్రాణంతో సమానం, ఎందుకంటే మందు వేరు. ఆస్పర్జిల్లస్‌కు బాగా పనిచేసే వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు. మ్యూకర్‌కు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్. అరవై కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. ఒక రోజుకు! అలా వారాలు. 2021 మేలో ఆ సీసాల కోసం ఎంత తిరిగారో ఈ హాల్లోనే కొందరికి గుర్తుంటుంది. మందు ఒక్కటీ చాలదు, చచ్చిన కండలోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందు పోదు. కోసి తీసేయాలి. షుగర్ దించాలి. బ్లడ్ క్యాన్సర్ రోగుల్లో చూసిన లెక్క ఒకటుంది, మందు ఆరు రోజులు ఆలస్యమైతే మరణాలు దాదాపు రెట్టింపు.

క్యాండిడా గురించి ఒక్క మాట. వైట్ ఫంగస్ అని టీవీల్లో ఊదరగొట్టారు. అది గాలిలోంచి వచ్చేది కాదు, మన పేగుల్లో, చర్మం మీద ఉండేదే. ఐసీయూలో రోజుల తరబడి పెట్టిన సూదుల గొట్టాల గుండా రక్తంలోకి పోతుంది. దారి వేరు, కథ వేరు, ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మన ఐసీయూల్లో ఆస్పర్జిల్లస్ రాలేదా? వచ్చింది. కనపడలేదు. అది తేలాలంటే ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి కడిగిన నీళ్లు పరీక్షించాలి. కోవిడ్ రోజుల్లో ఆ పని చేస్తే చేసేవాళ్లకు అంటుకుంటుందని చాలాచోట్ల మానేశారు. ముఖం మీద పడ్డ జబ్బు లెక్కకొచ్చింది, ఊపిరితిత్తుల్లోది న్యుమోనియా కింద రాసిపోయింది. నా అభిప్రాయం ఇది.

ఆక్సిజన్ వల్ల వచ్చిందా అని చీటీ పంపారు. ఆ మాట అప్పుడు గట్టిగా తిరిగింది. కళ్యాణదుర్గం ఆయన సంగతి చెప్పాను కదా, ఆక్సిజన్ పెట్టుకోనివాళ్లకు కూడా వచ్చింది. అయినా ఆక్సిజన్ సీసాలో కొళాయి నీళ్లు పోయొద్దు, స్టెరైల్ నీళ్లే పోయండి, అది వేరే మంచి అలవాటు. మాస్కు వల్ల వచ్చిందనడానికి గట్టి ఆధారమేదీ లేదు.

ఇంకో చీటీ. "మా నాన్నకు ఆస్తమా, స్టెరాయిడ్ ఇచ్చారు, ఆపేయాలా?" ఎవరమ్మా రాసింది? ఆపొద్దు. పీల్చే మందు మోతాదు చాలా తక్కువ. బిళ్లలైనా సరే, డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపితే అది ఇంకో ప్రమాదం. ఆయన బిళ్లలు పొద్దున వేసుకుంటారా? అయితే ఒక పని చెయ్యి. షుగర్ పరగడుపున ఒక్కటే చూసి బాగుందని ఊరుకోవద్దు. పొద్దున వేసిన స్టెరాయిడ్ షుగర్‌ను మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు చూడు, సాయంత్రం ఇంకోసారి చూడు, రెండూ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించు. గ్లూకోమీటర్ లేకపోతే సభ అయ్యాక నా దగ్గరికి రా, ఈ సంచిలో ఒకటుంది.